బాపుతోని ఐదు రోజులు: మర్రిగూడ బోరు నుంచి నల్లమల చీకటి దాకా

మా బాపుకు న్యూట్రినోల మీద ధ్యాస పడ్డది ఒక బోరు వీడియో చూసి. న్యూట్రినోలంటే దేనికీ తగలకుండ దూరిపోయే, కంటికి కనబడనంత చిన్న కణాలు. మన బోరు బండి కాదు, వాటిని పట్టనీకి దక్షిణ ధ్రువం కాడ మంచులకు వేడినీళ్ళు కొట్టుకుంట దిగే బోరు. మా బిడ్డ ఫోన్ల చూస్తుంటే పక్కన కూసొని చూసి, ఎన్ని అడుగులు పోయిన్రు బిడ్డా అని అడిగిండు. రెండున్నర కిలోమీటర్లు తాతా, ఎనిమిది వేల అడుగులు అన్నది. ఆయన కాసేపు ఏం మాట్లాడలే. మర్రిగూడ దిక్కు మాకున్న మూడెకరాలల్ల ఆయన ఇప్పటిదాక ఐదు బోర్లు ఏయించిండు, అన్నిట్లకెల్లి లోతుది 720 అడుగులు, నాలుగు ఎండినయి, ఐదోదాంట్ల పోసే ఇంచున్నర కూడ ఫ్లోరైడ్ నీళ్ళే. ఎనిమిది వేల అడుగులంటే ఏందో మా ఇంట్ల ఆయనకు తెలిసినంత ఎవ్వరికీ తెల్వదు. ఆఖరికి అడిగిండు, "మరి ఏమన్న పడ్డదా?"

ఇరవై ఏండ్ల సంది జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్తున్న, ఇంత సూటి ప్రశ్న క్లాసుల ఎవరూ అడగలే. సంక్రాంతి సెలవులకు ఎట్లైనా ఎటన్న పోవాల్ననుకున్నం, పండుగ అయినంక ఐదు రోజులు, నేను, బాపు, ఇంటర్ ఫస్టియర్ చదివే మా బిడ్డ, మా పాత కారు, డబ్బా నిండ సకినాలు. పోయిందేమో మన ఊర్లే, ముచ్చటంతా న్యూట్రినోలదే. రాత్రిపూట రాసుకున్నయి ఇక్కడ పెడుతున్న.

మొదటి రోజు, పానగల్లు

నల్లగొండ పక్కనే కాబట్టి పొద్దున తొమ్మిదింటికే ఛాయా సోమేశ్వరుని గుడి కాడ ఉన్నం. కుందూరు చోళుల నాటి త్రికూటాలయం, మూడు గర్భగుళ్ళు, అందుల ఒకదాంట్ల లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండ ఉంటది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, అయినా చూసినప్పుడల్లా కాసేపు నిలబడిపోత. సూర్యుడు నేరుగా వేసే నీడైతే గంటకింత జరగాలె, ఇది జరగదు, ఎందుకంటే మంటపం స్తంభాల నడుమకెల్లి పగటి వెలుతురు చెదిరి లోపలికి వస్తది, ఆ వెలుతురు తక్కువ పడే చోటే మనకు నీడ తీరు కనిపిస్తది. తొమ్మిది వందల ఏండ్ల కింద దాన్ని లెక్కగట్టి రాయి నిలబెట్టినోళ్ళకు దండం.

బాపు గడప కాడ కూసొని అడిగిండు, "నీడ పడ్డదంటే నడుమల ఏదో అడ్డమున్నట్టే గదా. నీ న్యూట్రినోకు నీడ పడదా?"

పడదు. అదే అసలు కష్టం. సూర్యుని నుంచి వచ్చే న్యూట్రినోలు మన బొటనవేలు గోరంత జాగల సెకనుకు 6,500 కోట్ల దాకా దూరి పోతయి, పగలే కాదు రాత్రి కూడ, రాత్రిపూట భూమి కిందికెల్లి వచ్చి మన పాదాలల్లకెల్లి పైకి పోతయి. వాటికి కరెంటు చార్జి లేదు, రాయి అడ్డం కాదు, ఇనుము అడ్డం కాదు. 1930ల పౌలి అనే శాస్త్రవేత్త లెక్క సరిపోతలేదని ఇసొంటిది ఒకటి ఉండి ఉంటదని ఊహించిండు, అది నిజంగ దొరికేసరికి 1956 అయింది.

ఐతే నీడ ముచ్చట అక్కడితోని ఒడవలే. అంతరిక్షం నుంచి ప్రోటాన్ల లాంటి చార్జి ఉన్న కణాలు కూడ వస్తయి, కాస్మిక్ కిరణాలంటరు, అవి మన గాలికి తగిలి మ్యూయాన్లు అనే కణాల వాన కురిపిస్తయి. దక్షిణ ధ్రువం కాడ ఆ మంచుల పెట్టిన డిటెక్టర్ పేరు ఐస్‌క్యూబ్, దాని లోతుకు కూడ సెకనుకు మూడు వేలకు దగ్గర మ్యూయాన్లు దిగుతయి. చంద్రుడు ఉన్న దిక్కు నుంచి అవి కొంచెం తక్కువ వస్తయి, ఎందుకంటే చంద్రుడు ఆ కాస్మిక్ కిరణాలను ఆపుతడు. కిలోమీటరున్నర మంచు కింద, కటిక చీకట్ల, చంద్రుని నీడ కనిపెట్టిన్రన్నట్టు. తమ డిటెక్టర్ చూపే దిక్కు కరెక్టేనా కాదా అని ఆ నీడతోనే సరిచూసుకున్నరు. ఇది చెప్పంగనే బాపు లేసి మళ్ళొకసారి గర్భగుడి లోపలికి పోయి చూసొచ్చిండు.

మధ్యాహ్నం పచ్చల సోమేశ్వరుని గుడి, మ్యూజియం, సాయంత్రం ఉదయసముద్రం కట్ట. రాత్రి నల్లగొండల చుట్టాలింట్ల.

రెండో రోజు, నాగార్జునసాగర్

హాలియా, పెద్దవూర మీదుగ సాగర్. మా తాత ఈ డ్యామ్ కట్టేటప్పుడు రాళ్ళు మోసిండు, బాపు పసితనం కూడ కొంత ఆ కూలోళ్ళ గుడిసెలల్లనే గడిచింది, అందుకే సాగర్ అంటే మాకు విహారం కాదు, ఇంటి పెద్దమనిషిని చూడబోయినట్టు. కట్ట మీదికి పోయేముందు బాపు చెప్పులు విడిచిండు, ఎప్పుడూ విడుస్తడు.

ఒక తారీకు లెక్క బిడ్డకు చెప్పిన. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఇక్కడ పునాదిరాయి వేసిండు. ఆర్నెల్లకు, 1956 జూన్‌ల, అమెరికాల ఒక అణు రియాక్టర్ పక్కన రైనెస్, కోవన్ అనే ఇద్దరు న్యూట్రినోను పట్టుకున్నమని పౌలికి టెలిగ్రాం కొట్టిన్రు. 1967 ఆగస్టుల సాగర్ కాల్వలకు నీళ్ళు వదిలిన్రు. మా తాత రాళ్ళు మోస్తున్న ఆ నడిమి ఏండ్లల్లనే మన దేశంల కూడ ఒక పెద్ద న్యూట్రినో పని జరిగింది, దాని ముచ్చట రేపు.

కట్ట మీద నిలబడి బిడ్డ అడిగింది, ఐస్‌క్యూబ్ ఎంత పెద్దగుంటది నాన్నా అని. ఒక క్యూబిక్ కిలోమీటర్ అన్న. క్యూబిక్ కిలోమీటర్ అంటే బాపుకు ఏం తెలుస్తది, అందుకే టీఎంసీలల్లకు మార్చిన, 35 టీఎంసీల చిల్లర. బాపు మొకం వెలిగింది. సాగర్ నిండుగ 590 అడుగులుంటే 312 టీఎంసీలు, అంటే అసొంటివి తొమ్మిదికి దగ్గర పడతయి. "మరి గింత నీళ్ళుండంగ మంచుకాడికి ఎందుకు పోయిన్రు?" అన్నడు.

మంచి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు లాంచీల దొరికింది. నాగార్జునకొండ పోయే లాంచీ వెనక వరుసల కూసున్నం, మ్యూజియం ముచ్చట అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ రాస్తలేను, నేను చూసింది లాంచీ వెనక నీళ్ళను. లాంచీ నిలకడగ ఉన్నప్పుడు అలలు గుండ్రంగ నాలుగు దిక్కుల పోతయి. ఇంజను అందుకొని అలలకంటె తొందరగ ఉరికినప్పుడు అవి ముందుకు పోలేక పక్కలకు ఒదిగి, వెనకాల నాగటిచాలు తీరు రెండు గీతలు చీలుతయి. గీతలు దూరం దూరం జరుక్కుంట ఒడ్డుదాక పోయి రాళ్ళకు తగిలి తెల్లగ చిట్లుతున్నయి. లాంచీ మలుపు తిరిగి కనబడకుండ పోయినా ఒడ్డుమీద ఉన్నోడు ఆ గీతల్ని చూసి అది ఏ దిక్కు పోయిందో చెప్పొచ్చు.

వెలుతురుకు కూడ అంతే. శూన్యంల వెలుతురును దాటి ఏదీ పోలేదు, కానీ మంచుల, నీళ్ళల్ల వెలుతురు నిదానిస్తది, నాలుగుల మూడొంతుల వేగానికి పడిపోతది. అక్కడ ఎక్కువ ఎనర్జీ ఉన్న చార్జి కణం దాన్ని దాటి ఉరకగలదు, ఉరికితే ఇట్లనే వెనకాల నీలం వెలుతురు గీత వస్తది. చెరెంకోవ్ వెలుతురు అంటరు, కనిపెట్టింది 1934ల. న్యూట్రినో తనంతల తాను ఏం వెలగదు. కోట్లల్ల ఒకటి, ఎప్పుడన్న ఒకసారి, ఒక పరమాణువు నడిమి కేంద్రకానికి తగులుతది, తగిలినప్పుడు మ్యూయాన్ పుడితే అది కిలోమీటర్ల కొద్దీ ఉరుకుతది, దాని వెంట నీలం గీత. ఆ గీతను మంచుల దింపిన ఏ గాజుగోళం (వెలుతురును పట్టే సెన్సర్ అన్నట్టు) ఎన్ని సెకన్ల తేడాతోని చూసిందో లెక్క గడితే (సెకనుల వంద కోట్లో వంతు లెక్కలు ఇవి) అది ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తది, ఎంత వెలుతురు వచ్చిందో చూస్తే ఎనర్జీ తెలుస్తది. పట్టుకోవడమంటే ఇదే. న్యూట్రినో చేతికి రాదు, దాని వెనక చీలిన గీత వస్తది.

అందుకే సాగర్ నీళ్ళు పనికిరావు. కృష్ణ నీళ్ళల్ల మన్ను ఉంటది, వెలుతురు కొన్ని మీటర్లు కూడ పోదు. దక్షిణ ధ్రువం కింద లోతు మంచుల వంద మీటర్లకు పైనే పోతది. ఇంకోటి, ఇక్కడ లోతు చాలదు, పైకెల్లి పడే మ్యూయాన్ల వాన అట్లనే లోపలిదాక కొడుతది. నీళ్ళే కావాల్ననుకున్నోళ్ళు రష్యాల బైకాల్ సరస్సుకు పోయిన్రు, కిలోమీటరుకు పైన లోతు, చలికాలం పైన గడ్డకట్టిన మంచు మీద నిలబడి తీగలు దింపుతరు. హవాయి కాడ సముద్రంల చేద్దామని ముందుగాల మొదలుపెట్టినోళ్ళు 90లల్ల చేతులెత్తేసిన్రు.

మంచుల కూడ మొదటి ప్రయత్నం కలిసిరాలే. అమండా అని 1993-94ల 800 నుంచి వెయ్యి మీటర్ల లోతుకు తీగలు దింపిన్రు, తీరా చూస్తే ఆ లోతు మంచు నిండ గాలిబుడగలు, వెలుతురు చెదిరిపోయి ఏ దిక్కుదో తెల్వకుండ అయింది. బాపు వెంటనే అన్నడు, "మొదటి బోరు ఫెయిలన్నట్టు. మరి ఏం చేసిన్రు?" ఇంకా కిందికి పోయిన్రు బాపు. కిలోమీటరున్నర దాటినంక పైన ఒత్తిడికి బుడగలు మంచుల కలిసిపోయి అద్దం తీరు అయితది. ఆయన తల ఊపిండు. మూడో బోరు కూడ ఎండినంక నాలుగోది ఏయించినోడు ఆయన, ఆ తల ఊపు నాకు తెలుసు.

సాయంత్రం హిల్ కాలనీల చేపల ఫ్రై తినుకుంట బోరు వివరాలన్నీ అడిగిండు, చెప్పిన. 88 డిగ్రీల వేడినీళ్ళు, నిమిషానికి 760 లీటర్లు, రెండడుగుల వెడల్పు గుంత, ఒక్కోటి దిగనీకి రెండు రోజులు. 86 గుంతలు. ఒక్కో గుంతల ఒక్కో తీగ, తీగకు 60 గాజుగోళాలు, మొత్తం 5,160. 1,450 మీటర్ల కాడ మొదలై 2,450 దాక. అక్కడి ఎండాకాలం నెలలల్లనే పని, 2005ల మొదటి తీగ దింపితే 2010 డిసెంబర్ల అయిపోయింది. గోళాలు దింపినంక నీళ్ళు మళ్ళ గడ్డకడతయి.

"అండ్ల మోటర్ కాలితే?"

తీయరాదు బాపు, ఇగ ఎప్పటికీ తీయరాదు.

"ఎన్ని కాలినయి మరి?"

నూటికి 98 కంటే ఎక్కువ ఇప్పటికీ మంచిగ పని చేస్తున్నయి. బాపు తినుడు ఆపి నా దిక్కు చూసిండు. మా ఐదో బోరు మోటర్ రెండేండ్లకు ఒకసారి పైకి తీస్తం.

మూడో రోజు, దేవరకొండ, డిండి, మన్ననూరు

మల్లేపల్లి మీదుగ దేవరకొండ, ఖిల్లా కింద చాయ్, డిండి కట్ట దాటినంక టైరు పంచరు, స్టెప్నీల కూడ గాలి లేదు, గంటన్నర పోయింది. అచ్చంపేటల జొన్నరొట్టె తిని మన్ననూరు చేరేసరికి పొద్దు గూకింది. అడవి గేటు రాత్రి తొమ్మిదింటికి మూస్తరు, పొద్దున ఆరుదాక శ్రీశైలం రోడ్డు మీద బండ్లు కదలవు. గేటు పడ్డంక వచ్చే నిశ్శబ్దం కోసమే నేను ఇక్కడ ఆగుదామన్నది.

చలి. బాపు రగ్గు కప్పుకొని కుర్చీల కూసున్నడు. నెత్తి మీద గొర్రుకొయ్యలు, వాటికి పడమర పిల్లలకోడి. గొర్రుకొయ్యలను చూసి రాత్రి ఎంత అయిందో చెప్పుడు బాపుకు అలవాటు. నేను బిడ్డకు ఆ మూడు చుక్కల పైన, కొంచెం పక్కకు ఉన్న బెల్లాట్రిక్స్ చుక్క చూపించి, దానికి పడమర నాలుగు వేళ్ళకంటె తక్కువ దూరంల ఖాళీగ కనిపించే జాగ చూపించిన. ఆడ కంటికి ఏం కనబడదు. కానీ ఆడ ఒక గెలాక్సీ ఉన్నది, దాని పేరు ఒక నంబరు, టీఎక్స్ఎస్ 0506+056. దాని నడుమల మహా బరువైన బ్లాక్ హోల్, అది మింగంగ మిగిలింది ఒక ధార తీరు సూటిగ మన దిక్కే చిమ్ముతున్నది, ఇసొంటివాటిని బ్లేజార్లంటరు.

2017 సెప్టెంబర్ 22న ఐస్‌క్యూబ్‌ల ఒక గీత పడ్డది. దాని వెనక ఉన్న న్యూట్రినో ఎనర్జీ 290 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులుంటదని లెక్క. 43 సెకన్లల్ల కంప్యూటర్లు తమంతల తామే లోకంల ఉన్న టెలిస్కోపులకు కబురు పంపినయి, ఈ దిక్కు చూడుండ్రి అని. గామా కిరణాలు చూసే ఫెర్మి ఉపగ్రహం చూస్తే ఆ బ్లేజార్ సరిగ్గ అప్పుడు మస్తు మండుతున్నది. పాత రికార్డులు తిరగేస్తే 2014-15ల కూడ అదే దిక్కు నుంచి పది పదిహేను న్యూట్రినోలు ఎక్కువ వచ్చి ఉన్నయి. కాస్మిక్ కిరణాలు ఎక్కడ పుడుతున్నయో నూరేండ్ల సంది తెల్వకుండె, ఎందుకంటే వాటికి చార్జి ఉన్నది, తోవల అయస్కాంత క్షేత్రాలు వాటిని వంకరటింకర తిప్పుతయి, అవి వచ్చిన దిక్కు పట్టుకొని పోతే పుట్టిన ఊరు దొరకదు. న్యూట్రినో ఎటూ వంగదు. అది చూపెట్టిన దిక్కే దాని ఊరు.

ఆ న్యూట్రినో బయలెల్లి 400 కోట్ల ఏండ్లకు దగ్గరయింది. మా చేన్ల బోరు బిట్టును అరగదీసిన నల్లగొండ గ్రానైటు వయసు 250 కోట్ల ఏండ్లు. అది బయలెల్లినప్పుడు ఈ రాయి ఇంకా పుట్టలే. బిడ్డ చాలాసేపు ఆ ఖాళీ జాగ దిక్కే చూసింది.

బాపు మళ్ళ తన ప్రశ్నకే వచ్చిండు, "మొత్తం ఎన్ని పడ్డయి?" మొదటి రెండేండ్లల్ల, అంటే 2013ల లోకానికి చెప్పినప్పుడు, మస్తు ఎక్కువ ఎనర్జీ ఉన్నయి 28. ఆ రెండేండ్లల్ల మంచుల దిగిన మ్యూయాన్లు పదిహేను వేల కోట్ల పైనే, అందులకెల్లి 28 ఏరిన్రు. ఎట్ల ఏరిన్రంటే, బయటి వరుస గోళాలు ముందుగ మెరిస్తే అది బయటకెల్లి వచ్చిన మ్యూయాన్ అని తీసేసిన్రు, బయటి వరుస మెరవకుండ లోపల నడుమల వెలుతురు మొదలైతే దాన్ని పట్టుకున్నరు. బాపు, "గెట్టు తొక్కకుంట చేను నడుమల తేలిందన్నట్టు" అన్నడు. ఈ మాట ఈసారి నా క్లాసుల చెప్తా.

అప్పుడు చెప్పిన కోలార్ ముచ్చట. ఈ ఐదు రోజులల్ల నేను గట్టిగ చెప్పదల్చుకున్నది ఇదొక్కటే. మనకు పక్కనే, కోలార్ బంగారు గనులల్ల, టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 50ల నుంచి ఒక్కో లోతుకు కౌంటర్లు దింపి మ్యూయాన్లు లెక్కపెట్టుకుంట పోయిన్రు. లోతుకు పోయినకొద్దీ తగ్గుకుంట వచ్చినయి, అన్నిటికన్న లోతు జాగల వారాల తరబడి పెట్టినా ఒక్కటి కూడ పడలే. ఏం పడకపోవుడే వాళ్ళకు శుభవార్త. ఎందుకంటే అంత నిశ్శబ్దమైన జాగల ఒక్క మ్యూయాన్ పక్కకెల్లి అడ్డంగ వచ్చినా, అది పైకెల్లి రాలేదు, రాతిల న్యూట్రినో తగిలి పుట్టిందే అని చెప్పొచ్చు. మీనన్, శ్రీకంఠన్, నరసింహం, రమణమూర్తి, వాళ్ళతోని జపాన్ ఒసాకా, ఇంగ్లండ్ డరహం శాస్త్రవేత్తలు, భూమికింద 2.3 కిలోమీటర్ల కాడ, 1965ల, గాలిల పుట్టిన న్యూట్రినోలను పట్టుకున్నరు. అదే ఏడు దక్షిణాఫ్రికా గనిల రైనెస్ వాళ్ళకు కూడ దొరికినయి, కానీ ఆగస్టుల ముందుగాల అచ్చయింది మనోళ్ళ పేపరే. లోకంల మొదటిసారి. మా తాత సాగర్ల రాళ్ళు మోస్తున్న ఏడు. మా ఇంటర్ పుస్తకంల ఈ సంగతికి ఒక్క లైను లేదు, అది నాకు ఏండ్ల సంది మనసుల గుచ్చుకుంటది. 2001ల గనులు మూసిన్రు, ఇప్పుడు ఆ లోతంతా నీళ్ళే.

బాపు ఏం అనలే. కొంచెం సేపటికి, "ఏం పడకుంటె సంబురపడ్డోళ్ళను ఇప్పుడే వింటున్న" అన్నడు. ఆ మాటల నవ్వు లేదు. నాలుగు ఎండిన బోర్ల అప్పు తీర్చనీకి ఆయనకు పదేండ్లు పట్టింది.

నాలుగో రోజు, ఫరహాబాద్, తర్వాత పాలమూరు

పొద్దున్నే ఫారెస్టోళ్ళ జీపుల ఫరహాబాద్ పోయినం. మాతోని వచ్చిన ట్రాకర్ అన్న చెంచు, నా ఈడోడే ఉంటడు. వ్యూపాయింట్ కాడ కొండలు వరుసగ నీలంగ కనబడుతుంటయి, దానికంటె నాకు మరువరాని జ్ఞాపకం ఇంకోటి. తోవల జీపు ఆపించి దిగి, దుమ్ముల ఒక గుర్తు చూపించిండు. నాలుగు వేళ్ళు, వెనక గద్దె, గోర్ల గుర్తు లేదు. గుర్తు అంచుల మీద ఒక చీమ ఎక్కుతుంటే మన్ను రాలుతున్నది, అంచు ఇంకా పదునుగ ఉన్నదంటే తెల్లారుజామునే పోయిందన్నడు. వేళ్ళు చూస్తున్న దిక్కు చెయ్యి చాపి, ఆ వాగులకు దిగింది అన్నడు. బిడ్డ అడిగింది, నువ్వు పులిని ఎన్నిసార్లు చూసినవ్ మామా అని. వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు బిడ్డా, జాడ మాత్రం రోజూ చూస్త అన్నడు. బిడ్డ నా దిక్కు చూసింది, నేనేం చెప్పలే, చెప్పే పని లేకుండె.

తోవల యురేనియం ముచ్చట వచ్చింది. ఈ అమ్రాబాద్ దిక్కు యురేనియం తవ్వుతరంటే 2019ల ఊరూరు లేచింది, అసెంబ్లీ కూడ వద్దని తీర్మానం చేసింది. నేను కూడ వద్దన్నోళ్ళల్ల ఉన్న, ఇప్పటికీ అదే మాట. ఐతే ఒక సంగతి చెప్పాలె, ఆ యురేనియం తవ్వకుండ రాతిల ఉన్నా సరే న్యూట్రినోలు (యాంటీ న్యూట్రినోలు అనాలె) పుట్టిస్తనే ఉంటది, ఒక్క యురేనియం పరమాణువు సీసం అయ్యేలోపట ఆరు. మన కాళ్ళకింద ఎప్పటినుంచో జరుగుతున్నదే, ఆ న్యూట్రినోలతోని ఎవరికీ ఏం కాదు. వాటి ఎనర్జీ ఆ బ్లేజార్ దాంట్ల పది కోట్ల వంతు.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, తమిళనాడుల తేని కాడ ఒక కొండకింద న్యూట్రినో లాబ్ కడదామని 2015 జనవరిల కేంద్రం ఒప్పుకున్నది, 50 వేల టన్నుల ఇనుముతోని డిటెక్టర్. ఊరోళ్ళు భయపడ్డరు, కోర్టులు, అనుమతులు, పని ముందుకు పోలే. యురేనియం గనిని, న్యూట్రినో లాబ్‌ను ఒక్క గాటికి కట్టొద్దు, ఒకటి రాయిని పైకి తీస్తది, ఇంకోటి రాయిని నెత్తిమీద కప్పులెక్క వాడుకుంటది. కానీ ఊరోళ్ళ భయం తప్పు అని కూడ నేను అనను. కొండకింద సొరంగం అంటే ఏందో మా దిక్కోళ్ళకు తెలుసు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట కాడ శ్రీశైలం ఎడమ కాల్వ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపలనే చిక్కుకపోయిన్రు, అందరూ దూరపు రాష్ట్రాల నుంచి పనికొచ్చినోళ్ళే. ఆ రోడ్డు బోర్డు కనిపిస్తే బాపు జీపులనే చేతులు జోడించిండు. ముందుగాల ఊరోళ్ళతోని కూసొని, వాళ్ళ భాషల, వాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పాలె. బాపు అడిగిన తీరు ప్రశ్నలే అడుగుతరు వాళ్ళు.

కల్వకుర్తి, జడ్చర్ల మీదుగ రాత్రికి పాలమూరు.

ఐదో రోజు, పిల్లలమర్రి, ఇంటికి

పిల్లలమర్రిని మూడు ఎకరాలకు పైగ పరుచుకున్న చెట్టంటరు, ఏడు వందల ఏండ్లదంటరు. 2018ల చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి కాపాడిన్రు. ఊడలు చూసి బిడ్డ, 86 ఊడలు అన్నది. అవును, కానీ ఐస్‌క్యూబ్‌ల ఊడకూ ఊడకూ నడుమ 125 మీటర్లు, మొత్తం పరుపు 247 ఎకరాలు. బాపు ఎకరాలు విని చెట్టు చుట్టు ఒకసారి నడిచిండు, ఎనభై పిల్లలమర్రులన్నట్టు అనుకున్నడు.

ఆ చెట్టు కింద బెంచీ మీద చివరి ముచ్చట చెప్పిన. మధ్యధరా సముద్రంల, సిసిలీ కాడ, 3,450 మీటర్ల లోతుల కూడ ఇసొంటి డిటెక్టర్ కడుతున్నరు, కేఎం3నెట్ అంటరు. అక్కడ తీగలు పైకెల్లి వేలాడవు, అడుగుకు లంగరేసి పైకి తేలగడతరు. ఉప్పునీళ్ళల్ల ఉన్న పొటాషియం కూడ, సముద్రపు జీవాలు కూడ సన్నటి వెలుతురు పుట్టిస్తనే ఉంటయి, ఆ రొదల నుంచి ఏరుకోవాలె. పని ఇంకా నడుస్తుండంగనే, 21 తీగలే దిగి ఉండంగ, 2023 ఫిబ్రవరి 13న ఒక్క గీత ఇటుకెల్లి అటు దాదాపు అడ్డంగ దూసుకపోయింది, సెన్సర్లల్ల మూడొంతులల్ల ఒక వంతుకు పైన వెలిగినయి. రెండేండ్లు సరిచూసుకొని 2025 ఫిబ్రవరిల చెప్పిన్రు, న్యూట్రినో ఎనర్జీ 220 పీఈవీ (ఒక్క పీఈవీ అంటే వెయ్యి లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) ఉంటదని, ఇప్పటిదాక ఎక్కడా పడనంత. మనిషి కట్టిన అన్నిటికన్న పెద్ద యాక్సిలరేటర్ల ఉరికే ఒక ప్రోటాన్ కంటె 30 వేల రెట్లు. అడ్డంగ రావడమే సాక్ష్యం, ఆ దిక్కుల వంద కిలోమీటర్లకు పైన రాయి, నీళ్ళు, మామూలు మ్యూయాన్ అంత దూరం బతకదు.

మధ్యాహ్నం బయలెల్లి పొద్దుగూకే యాళ్ళకు మర్రిగూడ. ఇంటికి పోకముందే బాపు కారు చేను కాడ ఆపమన్నడు. 720 అడుగుల బోరు కేసింగ్ మీద ఎప్పుడూ ఒక బండ మూసి ఉంటది, పిల్లలు పడొద్దని ఆయనే పెట్టిండు, నేను, ఆయన కలిసి జరిపినం. ఫోన్ లైట్ కొట్టినం. తుప్పు గీతలు, కొంచెం కిందికి ఒక సాలెగూడు, దాని కింద నలుపు. బిడ్డ లెక్కగట్టి చెప్పింది, తాతా, ఐస్‌క్యూబ్ మొదటి గోళం రావాల్నంటె ఇంకా నాలుగు వేల అడుగులు పోవాలె. బాపు చెయ్యి కేసింగ్ అంచు మీద పెట్టి వంగి కాసేపు చూసిండు. తర్వాత బండ మళ్ళ జరిపి, నాలుగు మూలలు కాలుతోని తన్ని కదలకుండ కూసున్నదా లేదా చూసిండు.

తూర్పున గొర్రుకొయ్యలు అప్పటికే లేసినయి.

"ఆ సముద్రంల పడ్డది, ఏ దిక్కుదో తెలిసింది గదా. ఎవరిదో తెలిసిందా?"

ఇంకా లేదు బాపు, వెతుకుతున్నరు.

"తెలిసిననాడు నాకు చెప్పు" అని కారు దిక్కు నడిచిండు.